కేసు షీటులో అన్నం లెక్క: ఆసుపత్రి సిబ్బందికి పోషణ శిక్షణ నడిపే పద్ధతి

విటమిన్ బి3 లోపంతో వచ్చే పెల్లాగ్రా జబ్బు లక్షణాలు అడిగితే ఎంబీబీఎస్ చదివిన ఎవరైనా తడుముకోకుండా చెబుతారు. అదే డాక్టరు ముందు షుగరు పేషెంటు కూర్చుని "అన్నం ఎంత తినమంటారు సార్?" అని అడిగితే, "తగ్గించండమ్మా" దగ్గర మాట ఆగిపోతుంది. ఎంత నుంచి ఎంతకు తగ్గించాలో చెప్పాలంటే ఆమె ఇప్పుడు ఎంత తింటోందో ముందు తెలియాలి. అది అడిగి రాబట్టడం ఆయనకు ఎవరూ చేతిలో చెయ్యేసి నేర్పలేదు.

పాఠ్యప్రణాళికలో ఈ సంగతి లేకపోలేదు. 2019లో మొదలైన సామర్థ్య ఆధారిత ఎంబీబీఎస్ ప్రణాళికలో, కమ్యూనిటీ మెడిసిన్ కింద రెండు విషయాలు స్పష్టంగా రాసి ఉన్నాయి. వ్యక్తి, కుటుంబం, ఊరు స్థాయిల్లో పోషణ అంచనా ఎలా వేయాలో చేసి చూపించాలి. స్థానికంగా దొరికే తిండిని, ఇంటి ఆర్థిక స్థితిని బట్టి ఆహారం సూచించగలగాలి. అయితే ఈ రెండోది అనుకరణ వాతావరణంలో చేస్తే సరిపోతుంది. అంటే నిజమైన పేషెంటు, నిజమైన వంటిల్లు ఎదురవకుండానే ఆ సామర్థ్యం వచ్చినట్టు లాగ్‌బుక్‌లో సంతకం పడిపోతుంది. ఇక్కడ చెప్పే శిక్షణ ఆ ఖాళీని పూడ్చడానికే. బోధనాసుపత్రిలోనైనా, ఏరియా ఆసుపత్రిలోనైనా, పీహెచ్‌సీలోనైనా ఇదే పద్ధతి నడుస్తుంది.

ఎనిమిది వారాలు, వారానికి ఒకసారి, ఓపీ ముగిశాక 75 నిమిషాలు పెట్టుకోండి. బ్యాచ్‌కు 12 నుంచి 15 మంది మించకూడదు, మించితే తూకం దగ్గర సగం మంది ప్రేక్షకులవుతారు. డాక్టర్లు, స్టాఫ్ నర్సులు, ఏఎన్ఎంలు, ఫార్మసిస్టు ఒకే బ్యాచ్‌లో ఉండాలి. డాక్టరు "గుడ్డు తినండి" అన్నాక మందుల కౌంటర్ దగ్గర "ఎండాకాలం, గుడ్డు వేడి చేస్తుంది" అని వినపడితే పేషెంటు రెండో మాటే పట్టుకుంటుంది. ఒకరోజు వర్క్‌షాపు పెట్టి చేతులు దులుపుకోవద్దు. మొదటి వారం నేర్చుకున్నది వార్డులో వాడి, ఎక్కడ ఇరుక్కున్నారో రెండో వారం వచ్చి చెప్పినప్పుడే చదువు ముందుకు సాగుతుంది.

కావలసిన సామగ్రి

ఒక గ్రాము తేడా పట్టే వంటింటి డిజిటల్ తూకం ఒకటి. స్థానిక ఇళ్లలో వాడే స్టీలు పళ్లెం, రెండు మూడు సైజుల గిన్నెలు, గరిటెలు, టీ గ్లాసు, చెంచాలు. వీటిని కొత్తగా కొనకండి, సిబ్బంది ఇళ్ల నుంచే తెప్పించండి. ఎత్తు కొలిచే స్టాండు, బరువు యంత్రం, నడుము కొలిచే టేపు, పిల్లల జబ్బ చుట్టుకొలత టేపు. పుస్తకాలు రెండు చాలు: హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు, అదే సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు.

ఆ మార్గదర్శకాల్లోని రోజువారీ పళ్లెం లెక్కను పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. రోజుకు 2000 కిలోకేలరీలకు తృణధాన్యాలు, చిరుధాన్యాలు కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు (మాంసాహారులకు ఇందులోనే గుడ్డు, మాంసం వాటా), కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, గింజలు 35, నూనె, కొవ్వులు 27 గ్రాములు. ధాన్యాలు, పప్పుల తూకం వండకముందుది. పచ్చి బియ్యం లెక్కను ఉడికిన అన్నానికి వర్తింపజేయడం శిక్షణలో అన్నిటికంటే ముందు దొర్లే తప్పు.

మొదటి వారం: కంటి అంచనా

విటమిన్ల మీద ప్రశ్నపత్రం ఇవ్వకండి. బల్ల మీద నాలుగు పళ్లేలు పెట్టండి: అన్నం, ముద్దపప్పు, ఇగురు కూర, ఆవకాయ. ఒక్కొక్కటి ఎన్ని గ్రాములో ప్రతి ఒక్కరూ కాగితం మీద రాయాలి. తర్వాత తూచండి. ఎవరి తేడా ఎంతో రాసి దాచండి, ఎనిమిదో వారం మళ్లీ ఇదే పరీక్ష. అసలు తూకానికి 20 శాతం అటూఇటూ లోపల ఉంటే ఓపీ పనికి చాలు.

తర్వాత గరిటెల కొలత. ఒక్కో గరిటెను నీళ్లతో నింపి ఆ నీళ్లను తూచితే ఎన్ని గ్రాములో అన్ని మిల్లీలీటర్లు. ఊరి ఇళ్లలో పెద్దవాళ్లు గిద్దె, సోల, గ్లాసు లెక్కలో చెబుతారు. అవి ప్రాంతానికో తీరు కాబట్టి మీ దగ్గర వాడే పాత్రనే బియ్యంతో నింపి తూచి, ఆ అంకె రాసుకోండి.

వంద గ్రాముల బియ్యం వండి తూచండి. నీళ్లను బట్టి 250 నుంచి 300 గ్రాములు తూగుతుంది. వంద గ్రాముల కందిపప్పును ఒకసారి ముద్దపప్పుగా, ఇంకోసారి పప్పుచారుగా కాచి, ఒక్కో గరిటెలో పప్పు ఎంత పడిందో లెక్కకట్టండి. "మేం రోజూ పప్పు తింటాం" అన్న మాట విని ప్రొటీన్ చాలుతోందని రాసుకునే అలవాటు ఈ ఒక్క ప్రయోగంతో వదులుతుంది.

రెండు, మూడు వారాలు: అడిగే విద్య

శిక్షణలో సగం బలం ఇక్కడే ఉంది, తొందరపడొద్దు.

మొదట నెలసరుకుల లెక్క. నాలుగే ప్రశ్నలు: ఇంట్లో ఎంతమంది, నెలకు బియ్యం ఎన్ని కిలోలు, పప్పు ఎన్ని కిలోలు, నూనె ప్యాకెట్లు ఎన్ని. నలుగురున్న ఇంట్లో నెలకు 40 కిలోల బియ్యం, 2 కిలోల కందిపప్పు, 5 లీటర్ల నూనె వాడుతున్నారనుకోండి. తలకు రోజుకు బియ్యం 333 గ్రాములు, పప్పు 17 గ్రాముల లోపు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు కాబట్టి నూనె 38 గ్రాములు. బియ్యం నుంచే 1150 కిలోకేలరీలు దాటుతాయి, పప్పు నుంచి వచ్చే ప్రొటీన్ నాలుగు గ్రాములు కూడా ఉండదు. 55 కిలోల స్త్రీకి రోజుకు కావలసింది సుమారు 46 గ్రాములు. రెండు నిమిషాల్లో ఇంటి తిండి రూపం కళ్లకు కడుతుంది. ఉప్పునూ ఇలాగే చూడొచ్చు. మనిషికి రోజుకు 5 గ్రాములు మించకూడదంటే నలుగురికి నెలకు 600 గ్రాములు. కిలో ప్యాకెట్ అయిపోతోందంటే, పచ్చళ్లు కలపకుండానే తలకు 8 గ్రాములు దాటుతోంది. పచ్చడి ఉప్పును ఇంట్లో కలిపిన కొలత అడిగి విడిగా కట్టండి.

ఈ లెక్క ఇంటి సగటును మాత్రమే చెబుతుంది. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తినే కోడలి వాటా అందులో కనిపించదు. రక్తహీనతతో వచ్చేది చాలాసార్లు ఆ కోడలే. అందుకే రెండో మెట్టు, నిన్నటి తిండి అడగడం.

"మామూలుగా ఏం తింటారు?" అని అడగొద్దు, మంచిగా వినిపించే జవాబు వస్తుంది. "నిన్న పొద్దున లేచాక నోట్లో మొదట ఏం వేసుకున్నారు?" అని మొదలుపెట్టి పడుకునేదాకా అడ్డు చెప్పకుండా విని రాసుకోవాలి. రెండో చుట్టులో ఒక్కో పూటకు పాత్ర చూపించి ఎంతో అడగాలి: "ఈ గరిటెతో ఎన్ని? అంచు సమంగానా, పైకి గుట్టగానా?" మూడో చుట్టులో జనం చెప్పడం మరిచేవి అడగాలి: టీలు, టీలో చక్కెర, పొడుల మీద నెయ్యి, మజ్జిగ, మిక్చరు, ప్రసాదం, మందు, కల్లు. చివర్లో రాసింది చదివి వినిపించాలి. నిన్న పండగో ఉపవాసమో అయితే మొన్నటిది అడగండి. రోజుకు నాలుగు టీలు, టీకి రెండు చెంచాల చక్కెర అంటే 40 గ్రాములు, 160 కిలోకేలరీలు. ఈ ఒక్క వరుస పేషెంటు తనంతట తాను చెప్పదు.

ఇద్దరిద్దరుగా ఒకరినొకరు అడగడంతో సాధన మొదలుపెట్టి, మూడో వారం నిజమైన పేషెంట్ల దగ్గరకు వెళ్లాలి. మొదట్లో ఇరవై నిమిషాలు పడుతుంది. పది మందిని అడిగేసరికి ఏడెనిమిది నిమిషాలకు దిగుతుంది. ఓపీలో అంత సమయం ఉండదు కాబట్టి ఈ పని స్టాఫ్ నర్సుకో ఏఎన్ఎంకో అప్పగించి, డాక్టరు ఆ కాగితం చూసి ఒక్క సలహా ఇవ్వాలి.

సలహాకు నాలుగు అంగాలు ఉండాలి: ఒకే మార్పు, దానికి కొలత, చేసే పూట, మళ్లీ చూసే తేదీ. "రాత్రి అన్నం నాలుగు గరిటెలకు బదులు రెండు, పప్పు ఒకటికి బదులు రెండు, వచ్చే నెల పదో తారీఖున షుగరు చూద్దాం." చెప్పాక "ఇంటికెళ్లి మీ ఆయనకు ఏం చెబుతారు?" అని అడిగి ఆమె నోటితోనే చెప్పించండి. ఓట్స్, ఆలివ్ నూనె, ఆపిల్ అని రాసున్న జిరాక్సు డైట్ చార్టులను ఈ వారమే ఓపీ గదిలోంచి తీసేయండి. అవి ఉన్నంతకాలం డాక్టరు చేయి వాటి మీదికే పోతుంది.

నాలుగో వారం: షుగరు

పళ్లెంలో 350 గ్రాముల అన్నం పెట్టి తూచి చూపించండి. చాలామంది ఒక పూట తినేది ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. అందులో పిండిపదార్థం సుమారు 98 గ్రాములు. ముప్పై గ్రాముల పిండితో చేసిన పుల్కాలు రెండయితే 40 గ్రాముల లోపే, నాలుగైదు తిని పక్కన ఆలుగడ్డ కూర పెట్టుకుంటే మళ్లీ అన్నం దగ్గరికే చేరుతుంది. "రాత్రికి చపాతీ" అన్న సలహాలో సంఖ్య లేకపోతే ఫలితం ఉండదు. రాగిజావదీ అదే కథ. పిండి ఎంత మెత్తగా ఉండి, ఎంత బాగా ఉడికి, ఎంత పల్చగా లోపలికి పోతే షుగరు అంత తొందరగా లేస్తుంది. రాగి మంచిదే, కాల్షియం వంద గ్రాములకు 350 మిల్లీగ్రాములు దాటుతుంది, కానీ షుగరు మనిషికి లోటాడు జావ మందు కాదు. ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నం కలుపుకుంటే అదే అన్నానికి షుగరు తక్కువ పెరుగుతుంది. ఖర్చులేని ఈ మాట ప్రతి పేషెంటుకూ చెప్పాలి.

డాక్టర్లు తప్పక నేర్వాల్సిన అసలు విషయం మరొకటి ఉంది. ఇన్సులిన్ మీదో, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రల మీదో ఉన్న మనిషి అన్నం ఒక్కసారిగా సగం చేస్తే షుగరు పడిపోతుంది. తిండి తగ్గించమన్న రోజే మోతాదు మార్చాలి. కార్తీక సోమవారాలు, రంజాన్ ఉపవాసాలకు ముందే పిలిచి మోతాదు సరిచేయాలి. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర ఏళ్లతరబడి వాడుతున్న శాకాహారికి అరికాళ్ల తిమ్మిర్లు వస్తే షుగరు నరాల జబ్బని సరిపెట్టుకోకుండా రక్తంలో విటమిన్ బి12 చూడాలి.

ఐదో వారం: రక్తహీనత

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇక్కడ బెల్లం, బీట్‌రూట్, దానిమ్మ అనే మూడు మాటలను శిక్షణలోనే తూచి పక్కన పెట్టాలి. పది గ్రాముల బెల్లంముక్కలో ఇనుము అర మిల్లీగ్రాము. బీట్‌రూట్ వంద గ్రాములకు ఒక మిల్లీగ్రాము కూడా లేదు. స్త్రీకి రోజుకు కావలసింది 29 మిల్లీగ్రాములు. ఎరుపు రంగు చూసి రక్తం పడుతుందనుకోవడం ఆసుపత్రి గదిలోనే ఎక్కువగా వినిపించడం బాధాకరం. మాత్ర మానేసి బీట్‌రూట్ రసం తాగే గర్భిణికి తొమ్మిదో నెలలో రక్తం ఎక్కించాల్సి వస్తుంది.

గర్భిణికి 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్న మాత్ర రోజుకొకటి, 180 రోజులు. రక్తహీనత తేలితే రోజుకు రెండు. టీ, కాఫీ, పాలతో వేసుకోకూడదు, గంట ఎడం ఉండాలి. కాల్షియం మాత్రకు కనీసం రెండు గంటల దూరం. ఈ రెండు మాత్రలూ ఒకే కవరులో వేసి "తిన్నాక వేసుకోమ్మా" అనే ఫార్మసిస్టును ఈ వారం క్లాసులో ముందు వరుసలో కూర్చోబెట్టండి. నిమ్మరసం, ఉసిరి, జామ పక్కన ఉంటే ఇనుము బాగా వంటపడుతుంది. మలం నల్లగా వస్తుందని మొదటిరోజే చెప్పకపోతే భయపడి మానేస్తారు. నెల తిరిగేసరికి హిమోగ్లోబిన్ ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే మాత్రలు లెక్కపెట్టండి, నులిపురుగులు, బి12 లోపం, వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు తలసీమియా వెతకండి.

రేషన్ బియ్యం సంగతీ ఇక్కడే. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి తయారుచేసిన గింజలను వందకు ఒకటి పాళ్లలో కలుపుతూ వచ్చారు. నీళ్లలో తేలుతున్నాయని, ప్లాస్టిక్ బియ్యమని వాటిని ఏరి పారేసే ఇళ్లున్నాయి. గుప్పెడు తెచ్చి బల్లమీద పోసి, వండి, సిబ్బందే తిని చూడాలి. తిన్న ఏఎన్ఎం మాట ఊళ్లో నిలుస్తుంది.

ఆరో వారం: బాలింత పథ్యం, పసిపిల్ల తిండి

పథ్యాన్ని వెక్కిరించే డాక్టరు ఆ ఇంటి తలుపు తానే మూసుకున్నట్టు. బాలింతకు వండి పెట్టేది తల్లో, అత్తో. మాట్లాడాల్సింది వాళ్లతో, "పెద్దమ్మా, ఈ నెలలో ఏమేం పెడతారు, ఏమేం పెట్టరు?" అని మర్యాదగా. చెప్పినవన్నీ మూడు వరుసల్లో రాయండి: పరవాలేదనేవి, బేరమాడాల్సినవి, వద్దనాల్సినవి. వెల్లుల్లి, మిరియాలు, వాము, కాయం లాంటివి కొద్దిపాళ్లలో వద్దనాల్సిన పని లేదు. చలవ చేస్తుందని పండో పెరుగో మానిపిస్తే, వాతమని పప్పు మానిపిస్తే దాని బదులు ఏది ఒప్పుకుంటారో బేరమాడాలి: పాలు వేడిగా ఇవ్వచ్చా, పెసరపప్పు ఒప్పుకుంటారా, మునగాకు? మూడో వరుసలోవి మాత్రం గట్టిగా వద్దనాలి: నీళ్లు తగ్గించడం, రోజుకు ఒక్కపూట అన్నం, ముర్రుపాలు పిండి పారబోయడం, బిడ్డకు తేనె, పంచదార నీళ్లు. తల్లి నెలలతరబడి పాలిష్ బియ్యం, కారప్పొడి మీదే ఉంటే ఆమె పాలలో థయమిన్ (విటమిన్ బి1) తగ్గి, పాలే ఆధారమైన రెండు మూడు నెలల బిడ్డకు గుండె విఫలమయ్యే స్థితి రావచ్చు. ఊపిరాడని పసిబిడ్డ వచ్చినప్పుడు తల్లి ఏం తింటోందో అడగడం ప్రాణం నిలిపే ప్రశ్న.

ఆరు నెలలు నిండాక తిండి మొదలు. పప్పుకట్టు, చారన్నం నీళ్లలా పోసి కడుపు నింపడం మన దగ్గర కనిపించే ప్రధాన లోపం. చెంచా వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కదనం ఉండాలి. రెండు రకాలూ చేసి చెంచా వంచి చూపించండి. పాలు తాగే బిడ్డకు ఆరు నుంచి ఎనిమిది నెలల్లో రోజుకు రెండు మూడు సార్లు, తర్వాత మూడు నాలుగు సార్లు, చెంచా నెయ్యో నూనెనో కలిపి. జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల లోపుంటే తీవ్ర పోషణ లోపం. రెండు పాదాల్లో వాపున్నా, ఆకలి లేకపోయినా పోషణ పునరావాస కేంద్రానికి పంపాలి. "లంఖణం పరమౌషధం" అని విరేచనాల బిడ్డకు తిండి ఆపకూడదు. ఓఆర్ఎస్, 14 రోజుల జింకుతో పాటు తల్లిపాలు, తిండి సాగాలి, తగ్గాక రెండు వారాలు రోజుకు ఒక పూట అదనం.

ఏడో వారం: క్షయ, మూత్రపిండాలు

క్షయకు తిండి మందుతో సమానంగా పనిచేస్తుందని డాక్టర్లు నమ్మాలంటే జార్ఖండ్‌లో జరిగిన రేషన్స్ పరిశోధన చదివించండి. 2023లో వచ్చిన ఆ ఫలితాల్లో, పేషెంటుతో పాటు కుటుంబ సభ్యులకూ ఆహార సరుకులు అందిన ఇళ్లలో, ఆ సభ్యులకు కొత్తగా క్షయ జబ్బు రావడం 39 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగిన పేషెంట్లలో మరణం ముప్పు 61 శాతం తక్కువగా ఉంది. కాబట్టి మందులిచ్చే ప్రతిసారీ బరువు చూసి రాయాలి. క్షయ పేషెంట్ల తిండికి ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ సొమ్ము నెలకు వెయ్యి రూపాయలు ఖాతాలో పడుతోందా, దేనికి ఖర్చవుతోందో అడగాలి.

మూత్రపిండాల జబ్బు ముదిరినవాళ్లకు రెండు హెచ్చరికలు చాలు, కానీ అవి రాయకపోతే ప్రమాదం. తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది, బీపీ మాత్రల్లో కొన్ని కూడా పొటాషియం పెంచుతాయి, దెబ్బతిన్న మూత్రపిండాలు దాన్ని బయటికి పంపలేవు. నీరసమని కొబ్బరినీళ్లు తాగించడమూ ఇలాంటిదే.

ఎనిమిదో వారం, ఆ తర్వాత

మొదటి వారం తూకం పరీక్ష మళ్లీ పెట్టండి. దాంతో పాటు పేషెంటు ముందు ఏడు నిమిషాల పరీక్ష, 20 మార్కులకు: నిన్నటి తిండి రాబట్టడానికి 6, కొలతలకు 4, సలహా ఒకటే ఉండి దానికి సంఖ్య ఉంటే 4, ఇంటి ఖర్చుకు, ఆచారానికి కుదిరితే 3, పేషెంటు చేత తిరిగి చెప్పిస్తే 3. మూడు సలహాలకు మించి ఇచ్చినవారికి సలహా మార్కులు పూర్తిగా తీసేయండి.

సర్టిఫికెట్ ఇచ్చి ఊరుకుంటే రెండు నెలల్లో పాత అలవాటు తిరిగొస్తుంది. రెండు నెలలకోసారి 20 షుగరు కేసు షీట్లు తీసి నాలుగు వరుసలు వెతకండి: బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క), నడుము చుట్టుకొలత, నిన్నటి తిండి, చెప్పిన మార్పు. మనవాళ్లకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుము మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు హద్దు. "డయాబెటిక్ డైట్ సూచించడమైనది" అని మాత్రమే ఉంటే సున్నా వేయండి.

పాలపొడి, శిశు ఆహార కంపెనీల డబ్బుతో ఏ క్లాసూ నడపకండి. ఆ కంపెనీలు ఆరోగ్య సిబ్బంది సదస్సులకు సొమ్ము పెట్టడాన్ని 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం నిషేధిస్తోంది. ప్రొటీన్ పొడుల కంపెనీలకు ఆ చట్టం అడ్డు కాకపోయినా మీరే అడ్డు చెప్పండి. క్లాసులో పెట్టే టిఫినుకు అదే సొమ్ము అక్కర్లేదు, శనగలు ఉడకబెట్టి తాలింపు వేస్తే సరిపోతుంది.

పీహెచ్‌సీలో ఆశా కార్యకర్తలకు పై ఎనిమిది వారాలూ అవసరం లేదు. నెలనెలా వాళ్లు సమావేశమయ్యే ఆశా డే నాడు ముప్పై నిమిషాల చొప్పున మూడు నెలలు: నెలసరుకుల లెక్క, చెంచా చిక్కదనం, మాత్ర వేళలు. అంగన్‌వాడీ టీచర్లనూ పిలవండి, అంగన్‌వాడీలో పిల్లలకిచ్చే బాలామృతం పొడి ఎలా కలిపి పెట్టాలో వాళ్లే చూపించాలి. హౌస్ సర్జన్లు మారిన ప్రతిసారీ తూకం, గరిటెలు, రాసుకున్న కొలతల పట్టిక కొత్త బ్యాచ్‌కు లెక్క ప్రకారం అప్పగించి సంతకం తీసుకోండి. గరిటె మారితే పట్టిక పనికిరాదు, కొత్త గరిటెను మళ్లీ నీళ్లతో కొలవాలి.